ముందు కూర్చోండి



ఈ మధ్య మీరు ఏదో ఒక దుకాణానికి వెళ్ళే ఉంటారు. ఏం కొన్నారో చెప్పగలరు, ఎంత పెట్టి కొన్నారో కూడా చెప్పగలరు. గుమ్మంలో అడుగు పెట్టగానే మిమ్మల్ని ఎవరు ఎలా పలకరించారంటే మాత్రం కాస్త ఆలోచించాలి. బాగా పలకరించి ఉంటే ఆ సంగతి విడిగా గుర్తుండదు. మనం వెళ్ళి నిలబడినా ఎవరూ తలెత్తి చూడకపోతే మాత్రం అది ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. ఆ కొట్టు ముందు నుంచి నడిచినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నేను విజయవాడ బట్టల కొట్లలో పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు కొత్తగా చేరే ఆడపిల్లలకు, మగపిల్లలకు అదే పని నేర్పుతున్నాను. కొనడానికి వచ్చేవాళ్ళను ఆదరంగా పలకరించడం గురించి మాట్లాడమన్నారు. పలకరింపు అనగానే యజమానులకు తట్టేది తలుపు దగ్గర ఒక మనిషి, ఒక నమస్కారం, ఒక చిరునవ్వు. అవన్నీ ఉండాల్సినవే. కానీ వచ్చిన మనిషిని ఎవరో ఒకరు చూడటంతోనే పలకరింపు మొదలవుతుంది. ఆ చూసే మనిషిని కొట్లో ఎవరైనా ఆదరిస్తేనే ఆ చూపులో ఆదరం ఉంటుంది. ఈ రెండో సంగతి చెప్పడానికే నేను ఈ మైకు ముందుకు వచ్చాను.

పాత బట్టల కొట్లు చూసినవాళ్ళకు తెలుసు. గోడవారగా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు, ఆనుకోవడానికి దిండ్లు. చెప్పులు బయట విప్పి వచ్చి కూర్చోవాలి. "రండమ్మా, కూర్చోండి" అన్నాక రెండో మాట చీర గురించి ఉండేది కాదు. "ఏ ఊరమ్మా? బస్సులో వచ్చారా?" అని అడిగేవారు. ఈలోగా కుర్రాడు మంచినీళ్ళు తెచ్చేవాడు. నీళ్ళు తాగాక, "పెళ్ళా? అమ్మాయిదా, అబ్బాయిదా?" అని అడిగేవారు. ఇవి ఊసుపోక అడిగే ప్రశ్నలు కావు. ఊరు తెలిస్తే తిరుగు బస్సు ఎన్నింటికో, ఎంతసేపు కూర్చోగలరో తెలుస్తుంది. పెళ్ళి ఎవరిదో తెలిస్తే పట్టుచీరలు ఎన్ని, మధుపర్కాలు కావాలా, పెట్టుబడి చీరలు ఏ ధరలో చూపించాలి అన్నది తెలుస్తుంది. అడిగే తీరులో ఆప్యాయత, అడిగినదాంట్లో పని, రెండూ కలిసి ఉండేవి.

వచ్చిన పార్టీలో నిర్ణయం ఎవరిదో చేయి తిరిగిన సేల్స్‌మన్ ఇట్టే కనిపెట్టేవాడు. అందరికంటే ఎక్కువ మాట్లాడే ఆవిడను వదిలేసి, ఒక్కో చీర విప్పినప్పుడల్లా మిగతావాళ్ళు ఎవరి ముఖం వైపు చూస్తున్నారో గమనించేవాడు. చాలాసార్లు ఆ మనిషి ఓ పక్కగా, మాట్లాడకుండా కూర్చున్న అమ్మమ్మో నాయనమ్మో అయ్యేది. తర్వాతి చీర ఆవిడ ముందే విప్పేవాడు. ఒక్క విసురుతో మడత మొత్తం విచ్చుకునేది. ముందు అంచు, తర్వాత పమిట చూపించి, "నచ్చకపోతే మళ్ళీ మడతపెట్టుకుంటాం పెద్దమ్మా, చూడటానికి డబ్బులేం లేవు" అనేవాడు. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న మనిషి సర్దుకుని కూర్చునేది. ఇన్ని విప్పించి ఏమీ కొనకపోతే ఏమనుకుంటారోనన్న బెరుకు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళలోనూ ఉంటుంది. ఆ బెరుకు పోగొట్టాకే బేరం. పలకరింపుకు అంతకంటే పెద్ద పని లేదని నా నమ్మకం.

ఆ రోజుల్లో అంతా బాగుండేదని చెప్పను. బోణీ సంగతే చూడండి. పొద్దున్నే వచ్చే మొదటి కొనుగోలుదారును లక్ష్మీదేవిలా చూసుకుంటారు. ధర కాస్త తగ్గించైనా బేరం పోనివ్వరు. చేతికొచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తారు. చక్కని ఆచారం. కానీ ఆ మొదటి మనిషి ఏమీ కొనకుండా లేచిందనుకోండి, వెనకనుంచి నాలుగు మాటలు వినబడతాయి. అదే నోటితో కాసేపటి క్రితం "రండమ్మా" అన్నారు. అందుకే కొత్త పిల్లలకు మొదటిరోజే చెబుతాను: పొద్దున్నే వచ్చి ఏమీ కొనకుండా వెళ్ళే మనిషిని గుమ్మందాకా వెళ్ళి సాగనంపండి, "మళ్ళీ రండమ్మా" అనండి. కొన్నవాళ్ళను ఎవరైనా సాగనంపుతారు.

వ్యాపారం చదువుకున్నవాళ్ళు ఈ మొదటి క్షణాల గురించి లెక్కలు కట్టారు. స్కాండినేవియా దేశాల విమాన సంస్థ ఎస్ఏఎస్‌కు 1981లో యాన్ కార్ల్‌సన్ అనే ఆయన అధిపతిగా వచ్చారు. అప్పటికి సంస్థ నష్టాల్లో ఉంది. ఆయన ఒక లెక్క చెప్పారు. ఏడాదికి సుమారు కోటి మంది ప్రయాణికులు. ఒక్కొక్కరు సంస్థలో సుమారు ఐదుగురు ఉద్యోగులతో మాట్లాడతారు. ఒక్కో మాటా మంతీ సగటున 15 సెకన్లు. అంటే ఏడాదికి 5 కోట్ల సార్లు, ఒక్కోసారి 15 సెకన్లపాటు, ఆ సంస్థ మంచిదో చెడ్డదో ప్రయాణికుడి మనసులో తేలిపోతోంది. ఆయన చేసిన పని ఉద్యోగులకు నవ్వడం నేర్పించడం ఒక్కటే కాదు. టిక్కెట్టు కౌంటర్లో కూర్చున్న మనిషికే, పైఅధికారిని అడగకుండా అక్కడికక్కడ నిర్ణయం తీసుకునే అధికారం ఇచ్చారు. ఎదురుగా ఉన్న ప్రయాణికుడి ఇబ్బంది తీర్చే శక్తి చేతిలో లేని మనిషి ఎంత చక్కగా నవ్వితే మాత్రం ఏం లాభం? సంస్థ కొద్దికాలంలోనే లాభాల్లోకి వచ్చింది.

15 సెకన్లంటే మన బట్టల కొట్లో ఎంత? గుమ్మం దాటి, చెప్పుల దుమ్ము దులుపుకుని, ఏ కౌంటర్‌కు వెళ్ళాలా అని చుట్టూ చూసేంత. ఆ చూపుకు ఎదురు చూపు దొరకాలి. దసరాకు, సంక్రాంతికి కొట్టు కిటకిటలాడుతున్నప్పుడు ఇది కుదరదని అంటారు. అప్పుడే కుదరాలి. చేతిలో పని ఆపనక్కర్లేదు. తలెత్తి, "అమ్మా, చూశాను, ఈ బిల్లు అయిపోగానే మీ దగ్గరికే వస్తా" అంటే చాలు. ఆ మాటతో ఆవిడ మరో పది నిమిషాలు నిలబడుతుంది. మాట లేకపోతే రెండు నిమిషాలకే చిరాకు పుడుతుంది.

దీనికీ కారణం ఉంది. 1985లో డేవిడ్ మైస్టర్ అనే నిర్వహణ శాస్త్రవేత్త, వరసల్లో నిలబడేవాళ్ళ మనస్తత్వం గురించి ఒక వ్యాసం రాశారు. ఎంతసేపు ఆగాలో తెలియకుండా ఆగితే ఆ సమయం ఎక్కువగా తోస్తుంది. ఎందుకు ఆగాలో చెప్పకపోతే ఇంకా ఎక్కువగా తోస్తుంది. మన వెనక వచ్చినవాళ్ళకు ముందు పని అయిపోతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆస్పత్రి ఓపీ దగ్గర చీటీ పట్టుకుని కూర్చున్న ఎవరినడిగినా ఈ సంగతే చెబుతారు. డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారు, గంట పడుతుంది, ఈలోగా మీరు వెళ్ళి టిఫిన్ చేసి రండి అని నర్సమ్మ ఒక్క మాట చెబితే ఆ గంట గడిచిపోతుంది.

ఏర్పాట్లు కూడా పలకరిస్తాయి. హైదరాబాదులో పాతికేళ్ళ కిందటి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరెంటు బిల్లు ఒకచోట, నీళ్ళ బిల్లు ఇంకోచోట, ఇంటిపన్ను మరోచోట. ప్రతిచోటా ఎండలో వరస, కిటికీలో చిన్న కంత. ఆ కంతలోంచి లోపలి మనిషి ముఖం కనబడాలంటే మనం నడుము వంచాలి. 1999లో ట్విన్స్ పేరుతో ప్రయోగంగా మొదలై 2001 ఆగస్టులో ఈ-సేవగా మారిన కేంద్రాలు ఈ అవస్థను మార్చాయి. ఏ కౌంటర్లోనైనా ఏ బిల్లయినా కట్టగలిగాం. టోకెన్ తీసుకుని కుర్చీలో కూర్చోగలిగాం. మన నంబరు వచ్చాక వెళ్ళి ఎదురుగా ఉన్న మనిషితో ముఖాముఖి మాట్లాడగలిగాం. అక్కడి ఉద్యోగులందరికీ ఒక్కసారిగా మంచితనం పుట్టుకొచ్చిందని కాదు. వచ్చిన మనిషి వంగి మాట్లాడే అవసరం తప్పింది. ఆ గౌరవం ప్రతివాళ్ళకూ తెలిసింది.

బ్యాంకుల గోడల మీద, చాలా కొట్లలో గల్లాపెట్టె పైన, గాంధీజీ బొమ్మతో ఒక పటం కనిపిస్తుంది. వినియోగదారుడే మనకు ముఖ్యమైన అతిథి అనే అర్థం వచ్చే మాటలు ఉంటాయి. గాంధీజీ రచనల సంపుటాల్లో ఆ మాటలు దొరకలేదని వెతికినవాళ్ళు చెబుతున్నారు. ఇంచుమించు అవే మాటలు 1941లో ఒక అమెరికన్ మోటారు కంపెనీ అమ్మకాల అధికారి పేరుతో అచ్చయ్యాయి. మాటలు ఎవరివైనా అర్థం మంచిదే. నా బాధంతా, ఆ పటం కిందే కూర్చుని ఖాతాదారు ముఖం చూడకుండా "పక్క కౌంటర్" అనడం చూసినప్పుడు. 2014 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఖాతాదారుల హక్కుల పత్రం ఒకటి విడుదల చేసింది. అందులో 5 హక్కులున్నాయి. మొట్టమొదటిది, ఆడా మగా, వయసు, మతం, కులం, శారీరక వైకల్యం ఏ తేడా లేకుండా మర్యాద పొందే హక్కు. వడ్డీల సంగతి, రహస్యాల సంగతి ఆ తర్వాతే.

తేడా లేకుండా అన్నాను. దీన్ని గురించి కాస్త నిలబడి మాట్లాడాలి. మన ఊళ్ళలో పలకరింపు అందరికీ ఒకేలా దొరికింది కాదు. కొందరిని పరుపు మీద కూర్చోబెట్టి, కొందరిని అరుగు కిందే నిలబెట్టిన కొట్లు ఉండేవి. కాఫీ హోటళ్ళలో కొందరికి వేరే గ్లాసు పెట్టేవారు. ఆ గ్లాసు వాళ్ళే కడిగి పెట్టి వెళ్ళాలి. మన రాజ్యాంగం రాసినవాళ్ళకు ఇది తెలుసు. అందుకే 15వ అధికరణంలో, మతం, కులం, లింగం, పుట్టిన చోటు లాంటి కారణాలతో ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి రాకుండా ఆపకూడదని విడిగా రాశారు. అంత గొప్ప గ్రంథంలో మన కిరాణా కొట్టుకూ, కాఫీ హోటలుకూ చోటిచ్చారు. ఈ సంగతి నేను పాఠం చెప్పేటప్పుడు తప్పకుండా చెబుతాను. గుమ్మంలో నిలబడి "రండి" అనే పిల్లకు తాను చేస్తున్న పని ఎంత పెద్దదో తెలియాలి.

ఇప్పుడు చాలాచోట్ల అలా ఎవరినీ బయట నిలబెట్టరు. కానీ చెప్పులు చూసి, చేతిసంచీ చూసి పలకరింపు కొలిచి ఇవ్వడం పోలేదు. ఒక మ్యాచింగ్ సెంటర్లో నేను చూసింది చెబుతాను. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. ఒకావిడ మెట్ల దగ్గర ఆగింది. కూలిపని నుంచి సరాసరి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకు మట్టి ఉంది. చెప్పులు విప్పాలా వద్దా అని చూస్తోంది. లోపల కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి రూబియా తాను చుడుతోంది. చుడుతూనే తలెత్తి, "రండి పిన్నీ, చెప్పులతోనే వచ్చేయండి. ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండి" అంది. రోజూ "ఏమే, ఒసే" అని పిలిపించుకునే మనిషిని "రండి" అంది.

ఆవిడ ప్లాస్టిక్ సంచీలోంచి ఒక చీర తీసింది. కూతురి సీమంతానికి పెట్టబోయే చీర, ఉల్లిపొర రంగు. దానికి జాకెట్టు ముక్క కావాలి. ఆ రంగుకు మ్యాచింగ్ దొరకడం కష్టం. ట్యూబ్‌లైటు కింద అన్నీ సరిపోయినట్టే ఉంటాయి, ఇంటికి వెళ్ళాక వెలుతుర్లో తేడా బయటపడుతుంది. అమ్మాయి దగ్గరదగ్గరగా ఉన్న మూడు తానులు తీసింది. చీర కొంగు, మూడు తానులు భుజాన వేసుకుని గుమ్మం బయటికి నడిచింది. ఎండలో ఒక్కొక్కటీ కొంగు పక్కన పెట్టి, "ఇదిగో పిన్నీ, ఇది కాస్త ఎర్రగా కొడుతోంది, ఇది బాగా కలిసింది, మీరు చూడండి" అని చూపించింది. ఆవిడ తేరిపార చూసి తల ఊపింది. ఒక జాకెట్టు ముక్క, ఒక ఫాల్ తీసుకుని వెళ్ళింది.

ఇలాంటివి చెప్పేటప్పుడు, ఆ మనిషి తర్వాత పెద్ద పెళ్ళి బేరం తెచ్చిందని ముగిస్తుంటారు. అలాంటిదేమీ జరగలేదు. జరగాల్సిన అవసరమూ లేదు. పేదగా కనబడే మనిషి నిజానికి ఉన్నవాడై ఉండొచ్చు కాబట్టి మర్యాద చేయండని నేర్పితే, మర్యాదను డబ్బుకే ఇచ్చినట్టు. ఆవిడ జాకెట్టు ముక్క కోసం వచ్చింది. సరైన జాకెట్టు ముక్కతో వెళ్ళింది. ఆ బేరం అక్కడితో పూర్తయింది.

అతిగా పలకరించడం కూడా ఇబ్బందే. అమెరికాలో వాల్‌మార్ట్ సంస్థ గుమ్మం దగ్గర పలకరించడానికే మనుషుల్ని పెట్టడం మీకు తెలిసే ఉంటుంది. అది 1980లో లూసియానా రాష్ట్రంలో క్రౌలీ అనే చిన్న ఊరి దుకాణంలో మొదలైంది. అక్కడ సరుకు దొంగతనాలు ఎక్కువగా ఉండేవి. వచ్చేపోయేవాళ్ళను ఆప్యాయంగా పలకరిస్తూ, ఒక కన్ను వేసి ఉంచేందుకు గుమ్మంలో ఒక పెద్దాయనను నిలబెట్టారు. అది చూసిన సంస్థాపకుడు శామ్ వాల్టన్ అన్ని దుకాణాల్లోనూ అలాగే చేయించారు. అదే సంస్థ 1997లో జర్మనీకి వెళ్ళి, ఈ పద్ధతినే అక్కడా పెట్టింది. ముఖపరిచయం లేనివాళ్ళు గుమ్మంలోనే నవ్వుతూ పలకరిస్తే అక్కడివాళ్ళకు ఎబ్బెట్టుగా తోచింది. సంస్థ 2006లో జర్మనీ వదిలి వచ్చేసింది. దానికి వేరే పెద్ద కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఒకచోట ఆప్యాయత అనిపించింది ఇంకోచోట చొరబాటు అనిపిస్తుందని ఆ అనుభవం చెబుతోంది.

మన షాపింగ్ మాల్స్‌లోనూ ఈ తప్పు జరుగుతోంది. లోపలికి వెళ్ళగానే ఒకరు వెంటబడతారు. మనం ఏ ర్యాక్ దగ్గర ఆగితే అక్కడ ఆగుతారు. "ఏం కావాలి మేడమ్, ఏ రేంజ్‌లో మేడమ్" అంటూనే ఉంటారు. ఆ పిల్లను అనడానికి లేదు, అలా తిరగమని పైనుంచి చెప్పారు. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు మాత్రం మనమీద అనుమానంతో వెంట తిరుగుతున్నారా అనుకుంటారు. నేను చెప్పేది ఇంతే: ఒకసారి పలకరించండి. మీరు ఎక్కడ ఉంటారో చెప్పండి. తర్వాత నాలుగడుగుల దూరం జరగండి. ఆవిడ రెండు ధరల చీటీలు తిప్పి చూసి అటూ ఇటూ చూసిందంటే మీకోసమే చూస్తోంది, అప్పుడు వెళ్ళండి.

పిలుపు విషయంలో ఒక్క మాట. అమ్మా, అన్నా, బాబాయ్, పిన్ని, ఇవన్నీ మనకు పుట్టుకతో వచ్చిన వరసలు. వాడుకోండి. ఉద్యోగాలకు వెళ్ళే ఆడపిల్లలను "ఆంటీ" అనకండి, చాలామందికి నచ్చదు. అనుమానంగా ఉంటే ఏ వరసా లేకుండా "రండి, కూర్చోండి" అనొచ్చు. హైదరాబాదు లాడ్ బజార్‌లో గాజుల కొట్లవాళ్ళు దక్కనీ ఉర్దూలో పిలుస్తారు. అవతలి మనిషి తెలుగులో బదులిస్తే మరుక్షణం తెలుగులోకి దిగిపోతారు. ఆ చురుకుదనం అందరూ నేర్చుకోదగింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పటిదాకా చెప్పిందంతా చేయాల్సింది ఎవరు? నెలజీతం మీద పనిచేసే ఒక అమ్మాయి. పొద్దున పల్లెటూరి నుంచి బస్సో ఆటోనో పట్టుకుని వస్తుంది. కొట్టు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా నిలబడే ఉంటుంది. పాత కొట్లలో కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకే పరుపు మీద ఎదురెదురుగా కూర్చునేవారు. పరుపులు పోయి గాజు కౌంటర్లు వచ్చాక కొనేవాళ్ళకు స్టూళ్ళు మిగిలాయి, అమ్మేవాళ్ళకు ఏమీ మిగల్లేదు. కొట్లో ఎవరూ లేనప్పుడు కూడా కూర్చోకూడదన్న నియమం పెట్టిన యజమానులున్నారు. కూర్చుంటే బద్ధకంగా కనబడుతుందట. కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు.

ఒక పెళ్ళి పార్టీ లేచి వెళ్ళాక కౌంటర్ మీద చీరలు గుట్ట పడి ఉంటాయి. ఒక్కొక్కటీ అంచుకు అంచు కలిపి, పాత మడతలోనే మడిచి, మళ్ళీ అట్టపెట్టెలో పెట్టాలి. మడిచేటప్పటికి నడుము లాగుతుంటుంది, పాదాలు ఉబ్బి ఉంటాయి. అదిగో, సరిగ్గా అప్పుడే ఇంకో పార్టీ లోపలికి వస్తుంది. వాళ్ళకు కనిపించేది ఆ ముఖం. "ఏమిటీ పిల్ల, నవ్వు ముఖమే లేదు" అంటారు. ఆ ముఖంలో నవ్వు ఎక్కడినుంచి రావాలి?

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షిల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి ఒక పుస్తకం రాశారు. నవ్వడం వాళ్ళ ఉద్యోగంలో భాగం. నవ్వూ, ఓర్పూ జీతానికి అమ్మాల్సి వచ్చినప్పుడు అది కూడా చాకిరీయేనని, రోజూ ఆ చాకిరీ చేసేవాళ్ళకు తమ సొంత మనసు తమకే దూరమవుతుందని ఆవిడ వివరించారు. మూటలు మోసేవాడికి భుజం నొప్పి పుడుతుందని అందరికీ తెలుసు. నవ్వి నవ్వి అలిసిపోతారని ఎవరూ అనుకోరు.

కేరళలో ఆడవాళ్ళు రోజంతా నిలబడే ఈ అవస్థ మీద పోరాడారు. కోళికోడ్ బట్టల బజార్లో పనిచేసేవాళ్ళకు మరుగుదొడ్లు కూడా ఉండేవి కావు. రోజంతా నీళ్ళు తాగకుండా గడిపేవారు. విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ వాళ్ళందరినీ కూడగట్టారు. ముందు మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాటం నడిచింది. ఆ పోరాటానికే కూర్చునే సమరమని పేరొచ్చింది. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకు కూర్చునే సదుపాయం తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు శాసనసభ కూడా అలాంటి సవరణ చేసింది. కూర్చోవడం కోసం చట్టం రావాల్సి వచ్చింది! మంచి పలకరింపు కోరుకునే ప్రతి యజమానీ ఈ సంగతి తెలుసుకోవాలి.

నేను శిక్షణకు వెళ్ళిన కొట్లలో యజమానులను ఒకటే అడుగుతాను. పొద్దున్నే మీ పిల్లలు పనిలోకి వచ్చేటప్పుడు మీరు వాళ్ళను ఏమని పలకరిస్తారు? చాలామంది ఆలోచనలో పడతారు. పది నిమిషాలు ఆలస్యమైతే జీతం కోత గురించి మాట్లాడతారు గానీ, సమయానికి వచ్చినవాళ్ళతో ఏమీ మాట్లాడరు. కొనడానికి వచ్చినవాళ్ళ ముందే సేల్స్‌గర్ల్‌ను కసిరే వాళ్ళూ ఉన్నారు. మాట పడ్డ ఆ అమ్మాయి మరుక్షణమే "రండమ్మా" అనాలి. ఒక యజమాని మాత్రం, షట్టర్ ఎత్తాక గుమ్మం దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించేవారు. "బాబుకు జ్వరం తగ్గిందా? టిఫిన్ తిని వచ్చావా?" అని అడిగేవారు. ఆ కొట్లో పలకరింపు గురించి నేను కొత్తగా నేర్పాల్సింది ఏమీ కనబడలేదు. రోజూ పొద్దున తమకు దొరికిందే వాళ్ళు రోజంతా పంచేవారు.

ఇంకా కష్టమైన పలకరింపు ఒకటి ఉంది. కొన్న సరుకు తిరిగి తెచ్చినవాళ్ళను పలకరించడం. రంగు పోయిందనో, అంచు చిరిగిందనో చీర తెస్తారు. ఆ ముఖంలో కోపమూ ఉంటుంది, తీసుకుంటారో లేదోనన్న భయమూ ఉంటుంది. చాలా కొట్లలో వినబడే మొదటి మాట "బిల్లుందా?" అనే. బిల్లు అడగాల్సిందే. కానీ అది రెండో మాట కావాలి. మొదట కూర్చోబెట్టి, ఏమైందో మొత్తం చెప్పనివ్వాలి. చెప్పాక చీర చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు పెట్టి, నిజంగా చూడాలి. తప్పు మగ్గం దగ్గర జరిగిందో, ఉతకడంలో జరిగిందో ఆ చూపులోనే చాలావరకు తెలుస్తుంది. మన తప్పయితే వెంటనే మార్చి ఇవ్వాలి. మార్చే అధికారం కౌంటర్లో ఉన్న అమ్మాయికే ఉండాలి. మూడంతస్తులు ఎక్కి మేనేజర్ని కలవండి అంటే, కొన్నప్పుడు మనం చేసిన మర్యాదంతా ఆ మెట్ల మీదే పోతుంది.

ఆషాఢం తగ్గింపులు ఏటా ఎలా ఉంటాయో మీకు తెలుసు. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి ధరలు తగ్గిస్తారు, జనం విరగబడతారు. ఆ వెంటనే శ్రావణం. ఆ రెండు నెలలూ కౌంటర్లో పనిచేసే పిల్లలకు ఊపిరాడదు. యజమానులకు నా మనవి: బోర్డులకు, దీపాలకు ఆర్డరిచ్చేటప్పుడే ప్రతి కౌంటర్ వెనకా ఒక ఎత్తు స్టూలు చేయించండి. వంతులవారీగా భోజనానికి పంపండి, తింటున్నవాళ్ళను మధ్యలో పిలవకండి. ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం చెవి గల్లాపెట్టెలో దాచకండి.

కొనడానికి వెళ్ళే శ్రోతలకూ ఒక మనవి ఉంది. యజమానులు స్టూళ్ళు వేయకపోవడానికి మీ పేరే చెబుతారు. పార్టీ వచ్చినప్పుడు పిల్ల కూర్చుని ఉంటే కస్టమర్లు ఒప్పుకోరండీ అంటారు. ఈసారి చీరలు కొనడానికి వెళ్ళినప్పుడు కౌంటర్ వెనక అమ్మాయి స్టూలు మీద కూర్చునే చీర విప్పి చూపిస్తే, దాన్ని అమర్యాద అనుకోకండి, యజమానితో ఫిర్యాదు చేయకండి. ఆ కొట్లో ఎక్కడా స్టూలు కనబడకపోతే, బిల్లు కట్టేటప్పుడు గల్లాపెట్టె దగ్గర ఉన్న పెద్దమనిషిని, "మీ పిల్లలు కూర్చోవడానికి ఏమీ లేదేమండీ?" అని అడగండి. నేను అడిగితే కాదనే యజమాని కూడా, డబ్బులిచ్చే చేయి అడిగితే వింటాడు.